గోడకెక్కిన వాక్యాలు

నవంబరు పద్నాలుగో తారీఖు పొద్దున్న ఆశాజ్యోతి పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండో పీరియడ్‌లో ఏడో తరగతి బి సెక్షనుకి వాక్య భేదాలు చెప్పాలి. నలభై నిమిషాలు. గంట కొట్టేదాకా ఏడవకూడదు, పారిపోకూడదు. అంతే.

ఆ రోజు బడిలో స్వపరిపాలన. ఏడాదికి ఒక్కరోజు తొమ్మిది, పది తరగతుల పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని టీచర్లవుతారు. అసలు టీచర్లు స్టాఫ్‌రూములో కూర్చుని పకోడీలు తింటూ చూస్తారు. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆశాజ్యోతి ఈసారి పేరిచ్చిందని తెలిసి స్నేహితురాళ్ళే నమ్మలేదు. ఆమె గొంతు సంగతి అందరికీ తెలుసు. ఆదివారం చర్చిలో బైబిలు చదవమంటే ఆమె మొత్తం చదివి వచ్చి కూర్చున్నాక పాస్టరుగారు, "భయపడకమ్మా, మొదలుపెట్టు" అన్నారు.

"ఇవాళ బడిలో ఏం చెప్తావే?" అని అడిగింది తల్లి బేబి, తన చర్చి చీరని కూతురికి పదకొండు పిన్నీసులతో బిగిస్తూ.

"వాక్య భేదాలమ్మా."

బేబి చెయ్యి ఆగిపోయింది. "వాక్యంలో భేదాలేంటే? దేవుడి వాక్యం ఒకటే. పాస్టరుగారికి తెలుసా నువ్విలాంటివి చెప్తున్నట్టు?"

"ఆ వాక్యం కాదమ్మా, వ్యాకరణం."

"ఏదో ఒకటి. పిన్నీసులు జాగ్రత్త."

తండ్రి డేనియల్ అప్పటికే బడి ముందు కాలవకి అవతలున్న అరటితోటలోకి పనికి వెళ్ళిపోయాడు. రావులపాలెం మార్కెట్‌కి వెళ్ళే లారీలకి అరటిగెలలు ఎత్తే జట్టుకి ఆయన మేస్త్రి. ఆయన గొంతెత్తితే నాలుగు తోటల అవతల ఉన్న కూలీ కూడా పలకాల్సిందే. అలాంటి మనిషికి ఇలాంటి కూతురు పుట్టిందని జట్టులో వేళాకోళం. ఆశాజ్యోతికి టీచరు ట్రైనింగు చదవాలని ఉంది. డేనియల్ మాత్రం పదో తరగతి అవగానే కుట్టు మిషను కొంటానన్నాడు. "నోట్లోంచి మాట రానిది టీచరేంటే? మిషనైతే అదే చప్పుడు చేసుకుంటది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

తెలుగు చెప్పే దేవకుమారి టీచరు ఆమె బాధంతా విని ఒక షరతు పెట్టింది. "నలభై నిమిషాలు, ఎవరి సాయం లేకుండా, గంట కొట్టేదాకా పాఠం చెప్పు. మీ నాన్నతో నేను మాట్లాడతాను. మధ్యలో ఆపేశావనుకో, ఇంక నన్నడక్కు."

గొంతు ఎలాగూ వెనక బెంచీదాకా వెళ్ళదు. కాబట్టి అక్షరాలైనా వెళ్ళాలని ఆశాజ్యోతి నాలుగు రోజులు కూర్చుని బిస్కట్ల అట్టపెట్టెలు కోసి ఎనిమిది అట్టలు చేసింది. ఒక్కో అట్ట మీద ఒక్కో రకం వాక్యం, జానెడేసి అక్షరాలతో, అచ్చు వేసినట్టు రాసింది. వాటిని గోడలకి వరసగా తగిలిస్తే చాలు. తను కర్ర పెట్టి చూపిస్తుంది, పిల్లలు ఏ రకమో చెప్తారు. మాట్లాడే పని సగానికి సగం తగ్గిపోతుంది.

తగిలించే పని అటెండరు వీరాస్వామిది. ఆయన స్టూలు మీద కూర్చుని బీడీ వెలిగిస్తుంటే ఆశాజ్యోతి మూడుసార్లు ఎదురుగా వెళ్ళి మూడుసార్లూ వెనక్కి వచ్చింది. నాలుగోసారి ఆయన మొదటి పీరియడ్ గంట కొట్టడానికి లేవగానే అట్టల కట్టని స్టూలు మీద పెట్టి, పైన ఒక చీటీ పెట్టి వచ్చేసింది. "వీటిని గోడలకి తగిలించండి. ఇట్లు, తెలుగు టీచరు" అని రాసింది. ఏ గది గోడలకో రాయలేదు. అది వేరే చెప్పాలా అనుకుంది.

చెప్పాలి. ఎందుకంటే ఆ పొద్దున్నే హెడ్మాస్టరు భీమరాజుగారు వీరాస్వామిని పిలిచి, "ఈ పూట పిల్లలే టీచర్లు. వాళ్ళేం రాసిస్తే అది నేను రాసిచ్చినట్టే. ఎందుకు, ఏంటి అని అడగొద్దు" అని గట్టిగా చెప్పారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో వీరాస్వామి ఎందుకు అని ఎప్పుడూ అడిగినవాడు కాదు. కానీ ఆలోచించేవాడు. ప్రతి అట్టనీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, ఏది ఎక్కడుంటే బాగుంటుందో బుర్ర పెట్టి ఆలోచించి మరీ తగిలించాడు.

ఆశాజ్యోతి గదిలోకి అడుగుపెట్టేసరికి గోడలు బోసిగా ఉన్నాయి. ముప్పై ఎనిమిది మంది పిల్లలు లేచి నిలబడి, "నమస్కారమండీ" అన్నారు. ఆమె కూర్చోమంది. ఎవరూ కూర్చోలేదు. ఆమె మళ్ళీ అంది. ముందు బెంచీలో లోవలక్ష్మి అనే పిల్ల మెడ ముందుకు చాచింది.

"టీచరుగారండీ, మీరు మాకు చెప్తున్నారా, లోపల మననం చేసుకుంటున్నారా?"

గదంతా నవ్వింది. ఆశాజ్యోతి చెవులు కాలిపోయాయి. అయినా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'వాక్య భేదాలు' అని రాసింది. చేతనైనంత గట్టిగా, "వాక్యాలు చాలా రకాలు" అంది. అదే క్షణంలో పక్కనున్న ఎనిమిదో తరగతి గదిలోంచి ఉరుము ఉరిమినట్టు అరుపు లేచింది. ఒకడు ఎక్కాలు, ఒకడు ఇంగ్లీషు పద్యం, ఒకడు ఆమ్లాలూ క్షారాలూ. అరవై మంది ఒకేసారి, ఎవరికి తోచింది వాళ్ళు, గొంతులు చించుకుని చదువుతున్నారు.

"వాళ్ళ గుమ్మం మీద 'అందరూ గట్టిగా చదవండి' అని అట్ట పెట్టారండి" అంది కిటికీ దగ్గరున్న పిల్ల. "మంచి అక్షరాలండి."

ఆశాజ్యోతి చేతిలో సుద్దముక్క విరిగింది. కిటికీలోంచి తొంగి చూసింది. ఆరో తరగతి మొత్తం సంచులు తగిలించుకుని గేటు వైపు నడుస్తోంది. గేటుకి ఆమె అట్ట వేలాడుతోంది: మీరు ఇంటికి వెళ్ళవచ్చు.

గదిలో గడియారం చూసింది. తొమ్మిది నిమిషాలయ్యాయి. ఇప్పుడు గది వదిలి పరిగెత్తితే పాఠం ఆపినట్టు. వదలకపోతే బడి ఖాళీ అవుతుంది. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపింది. ఒక పిన్నీసు ఊడి కింద పడింది.

"అందరూ లేవండి. పాఠం బయట ఉంది. నా వెనకే రండి!"

ఈ మాట వెనక బెంచీదాకా వినపడింది. చెప్పినామే అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది.

గేటు దగ్గరికి చేరేసరికి ఆరో తరగతిలో సగం మంది రోడ్డెక్కేశారు. మిగిలినవాళ్ళకి అడ్డంగా ఆమె చేతులు చాచి నిలబడింది. "ఎక్కడికి వెళ్తున్నారు?"

"ప్రశ్నార్థకమండి!" అని వెనకనుంచి అరిచింది లోవలక్ష్మి.

"అది అడిగింది నిన్ను కాదే!"

"ఇంటికండి" అన్నాడు ఆరో తరగతి లీడరు. "వెళ్ళవచ్చని మీరే రాశారు కదండీ."

"వెళ్ళవచ్చు అని ఉంటే అది ఏ వాక్యం?" అని తన తరగతి వైపు తిరిగింది.

"అనుమత్యర్థకమండి!" ముప్పై ఎనిమిది గొంతులు.

"మరి అనుమతి ఇచ్చినట్టే కదండీ" అన్నాడు లీడరు. వాడి మాటలో న్యాయముంది.

ఆశాజ్యోతి తడబడింది. అంతలోనే తేరుకుంది. "అనుమతి ఇచ్చే వాక్యం ఎలా ఉంటుందో చూపించడానికి రాసింది. మీకు ఇచ్చింది కాదు. మామిడిపండు బొమ్మ గీస్తే కొరుకుతారా? నడవండి లోపలికి!"

అట్ట పీకి చంకలో పెట్టుకుంది. నీళ్ళ బోరింగు దగ్గర ఇంకో గుంపు ఉంది. 'ఈ నీళ్ళు ఎవరూ తాగవద్దు' అన్న అట్ట బోరింగు మెడకి వేలాడుతోంది. పొద్దుటినుంచీ తాగినవాళ్ళంతా పొట్టలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. మొదట బల్లి పడిందన్నారు. బల్లి కాస్తా పామైంది. ఆశాజ్యోతి వచ్చేసరికి పాము కూడా పోయి, రాత్రి ఎవరో పురుగుల మందు కలిపారన్న దగ్గరికి వచ్చింది. సుధాకర్ అనే పిల్లవాడు నీడలో పడుకుని, తన సైకిలు చెల్లెలికివ్వమని చెబుతున్నాడు.

ఆమె ఎవరితోనూ వాదించలేదు. తనే బోరింగు కొట్టి, దోసిలి పట్టి, అందరూ చూస్తుండగా కడుపునిండా తాగింది. మూతి తుడుచుకుంది.

"వద్దు అని ఉంటే?"

"నిషేధార్థకమండి!"

"నీళ్ళకేమైంది?"

"ఏం కాలేదండి!"

సుధాకర్ లేచి కూర్చున్నాడు. "నాకు తగ్గిపోయిందండి. సైకిలు సంగతి ఇంట్లో చెప్పొద్దండి" అన్నాడు.

రెండో అట్ట కూడా చంక కిందికి చేరింది. చీర నుంచి మూడు పిన్నీసులు పోయాయి. బాత్రూముల గోడ మీద 'ఆహా! ఎంత కమ్మని వాసన!' అని చూసి పిల్లలు పొట్టలు పట్టుకున్నారు, ఈసారి నవ్వుతో. పక్కనే చీపురు పట్టుకుని నిలబడిన వీరాస్వామి కళ్ళు మాత్రం చెమర్చి ఉన్నాయి.

"ఇరవై రెండేళ్ళ నుంచి కడుగుతున్నానండి. పెద్ద టీచర్లు ఎవరూ ఒక్క మాటనలేదండి. మీ పిల్లలే మెచ్చుకున్నారండి."

ఆశాజ్యోతి ఆ అట్టని పీకలేకపోయింది. "ఆశ్చర్యార్థకం" అని మెల్లగా చెప్పి ముందుకు కదిలింది.

పదో తరగతి గది దగ్గర పెద్ద గొడవగా ఉంది. తలుపు మీద 'వీళ్ళు పాసవుతారో లేదో!' అని ఉంది. పదో తరగతి మురళీకృష్ణ ఆ రోజుకి హెడ్మాస్టరు. తాతగారి పంచె, అద్దాలు లేని కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాడు. తమ తరగతికి జరిగిన అవమానం మీద అర్జీ రాసింది ఆయనే. తీసుకోవాల్సిందీ ఆయనే. ఎవరికివ్వాలో తెలియక కాగితం పట్టుకుని తన గదికీ తన తరగతికీ మధ్య తిరుగుతున్నాడు.

"ఎవరు రాశారిది? వీళ్ళు అంటే ఎవరు?" అని ఆశాజ్యోతి మీదికి వచ్చాడు.

మామూలు రోజైతే పదో తరగతి అబ్బాయి ఎదురైతే ఆమె గోడకి అతుక్కుని నడిచేది. ఇవాళ ఆ గది గడియారం ప్రకారం గంట కొట్టడానికి పదిహేడు నిమిషాలే మిగిలాయి.

"వీళ్ళంటే ఎవరూ కారు. అవుతారో లేదో అని ఉంటే సందేహార్థకం. వాక్యానికే సందేహం, నాకు కాదు."

"ఉదాహరణకైనా మేమే దొరికామా?"

"ఏ గది గోడలకి తగిలించాలో నేను చీటీలో రాయలేదండి. తప్పు నాది. పక్కకి తప్పుకోండి, నాకు టైం లేదు."

మురళీకృష్ణ తప్పుకున్నాడు. తరవాత చాలాసేపు ఎందుకు తప్పుకున్నాడో ఆలోచిస్తూ ఉండిపోయాడు.

అసలు హెడ్మాస్టరు భీమరాజుగారు స్టాఫ్‌రూము ముందు నిలబడి ఉన్నారు. ఆయన భారీ మనిషి. ఆయన వెనక తలుపు మీద ఉన్న అట్టని టీచర్లందరూ చదివి, పకోడీలు నోట్లో పెట్టుకుని, నవ్వు బయటికి రాకుండా మింగుతున్నారు. అట్ట మీద 'ఈయన ఇరవై ఇడ్లీలు తినగలరు' అని ఉంది. వీరాస్వామికి తెలిసినవాళ్ళలో అలాంటి ఘనత ఉన్నవారు ఒక్కరే.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారాయన చాలా నెమ్మదిగా.

గుమ్మంలో దేవకుమారి టీచరు చేతి గడియారం చూసుకుంటోంది, మాట సాయం చేయకుండా. ఆశాజ్యోతి చంకలో అట్టలు సర్దుకుంది.

"ఎవరూ చెప్పలేదండి. సామర్థ్యార్థకమండి. గలరు అని ఉంటే సామర్థ్యమండి. తిన్నారని కాదండి. తలుచుకుంటే తినగలరనండి."

భీమరాజుగారు అట్ట వైపు, టీచర్ల వైపు, పొట్ట వైపు చూసుకున్నారు.

"పదిహేడు" అన్నారు చివరికి. "పదిహేడు దాటి నేనెప్పుడూ తినలేదు. తీసెయ్యి."

"ఇంకా ఎనిమిది నిమిషాలు" అంది దేవకుమారి.

అప్పుడే కాలవ వైపునుంచి కేకలు వినపడ్డాయి. ఆశాజ్యోతి మనసులో అట్టలు లెక్కపెట్టుకుంది. ప్రార్థనార్థకం ఎక్కడుంది?

రోడ్డు వైపు ప్రహరీ మీద ఉంది. అక్కడ గోడ పగిలి, ఆ కంతలోంచి రోజూ గేదెలు లోపలికి వస్తుంటాయి. పాపం గోడే అడుగుతోందనుకుని వీరాస్వామి 'దయచేసి మమ్మల్ని కాపాడండి' అన్న అట్టని సరిగ్గా ఆ కంత పక్కనే, రోడ్డుకి ఎదురుగా కొట్టాడు. ముందే రోడ్డెక్కిన ఆరో తరగతి పిల్లలు, కాలవ గట్టున కనపడ్డవాళ్ళందరికీ నీళ్ళు తాగొద్దన్నారని, ఇంటికి పొమ్మన్నారని చెప్పుకుంటూ వెళ్ళారు. ఈ మూడు వాక్యాలూ కలిస్తే ఏమవుతుందో కాలవ అవతల గెలలు ఎత్తుతున్న డేనియల్ జట్టుకి వేరే వ్యాకరణం అక్కర్లేకుండానే అర్థమైంది.

ఆశాజ్యోతి వెళ్ళేసరికి అవతలి గట్టున పదిమంది లుంగీలు ఎగ్గట్టి నీళ్ళలోకి దిగబోతున్నారు. ముందు డేనియల్, చేతిలో గెలలు కోసే కత్తి. వంతెన దాకా వెళ్ళి చుట్టు తిరిగి వచ్చే ఓపిక ఎవరికీ లేదు. కాలవ నిండుగా పారుతోంది. జట్టులో సగం మందికి ఈత రాదు. లారీ ఇంజను ఆపకుండా మోగుతోంది.

ఆమె ప్రహరీ ఎక్కింది. పిన్నీసులు టపటపా రాలాయి. ఊపిరి పీల్చుకుంది.

"నాన్నా! దిగొద్దు!"

పక్షులు లేచిపోయాయి. అవతలి గట్టున పదిమందీ ఆగిపోయారు. డేనియల్ నోరు తెరిచాడు. ఆ కేక ఎవరిదో పోల్చుకోలేక అటూ ఇటూ చూశాడు.

"నేనే నాన్నా! ఎవరికీ ఏం కాలేదు! ఆ వాక్యం నిజం కాదు!"

"ఏంటీ?" అని డేనియల్ కత్తి కింద పడేశాడు. "వాక్యం నిజం కాదా? ఏం మాటలే అవి! బళ్ళో ఇవా నేర్పేది?"

"దేవుడి వాక్యం కాదు నాన్నా! వ్యాకరణం! దయచేసి అని ఉంటే ప్రార్థనార్థకం!"

"ప్రార్థన దేవుడిది కాకపోతే ఎవరిదే?"

"అది కాదు! బతిమాలుకోవడం!" ఆమె గొంతు చీలిపోతోంది. "ఊరికే రాశాను! నేర్పడానికి రాశాను! వంతెన మీంచి రా నాన్నా, చెప్తాను!"

పక్కనున్న అమ్మిరాజు డేనియల్ భుజం తట్టాడు. "ఒరే, మీ పాపేనంటరా ఆ కేక? లారీ ఇంజనే వినపడట్లేదు."

ప్రహరీ కింద వరసగా నిలబడ్డ ఏడో తరగతి బి సెక్షను ఎవరూ అడగకుండానే, "ప్రార్థనార్థకమండీ!" అని అరిచింది. అంతలో గంట మోగింది.

డేనియల్ వంతెన మీంచి చుట్టు తిరిగి వచ్చేసరికి దేవకుమారి, ఆశాజ్యోతి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వీరాస్వామి తన స్టూలు పైన గోడకి ఎనిమిదో అట్ట కొట్టుకుంటున్నాడు. 'మీరు నూరేళ్ళు చల్లగా ఉండాలి' అన్నది తనకే రాశారనుకున్నాడట. అది ఆశీరర్థకమని చెప్పి, ఆశాజ్యోతి దాన్ని అక్కడే ఉంచేసింది.

"నలభై నిమిషాలూ అయ్యాయి" అంది దేవకుమారి. "కానీ నువ్వు తరగతి వదిలి తిరిగావు కదే."

"వదల్లేదండి. తరగతిని కూడా తీసుకెళ్ళానండి."

దేవకుమారి ముప్పై ఎనిమిది మంది వైపు చూసింది. చెమటలు కారుతున్నాయి. ఒక్కరూ తప్పిపోలేదు. "సరే" అని డేనియల్ వైపు తిరిగింది. "డేనియల్‌గారూ, మీ అమ్మాయిని టీచరు ట్రైనింగుకి పంపే సంగతి మాట్లాడాలి."

డేనియల్ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. కూతురి చిందరవందర చీరనీ, చంకలో అట్టలనీ చూశాడు.

"నేను మిషనెందుకన్నానండి? దీనికి గొంతు లేదనండి. కాలవ దాటించి, లారీ ఇంజను మీంచి, నన్నే ఆపేసిందండి. నా జన్మలో నన్నెవరూ ఆపలేదండి. ఈ గొంతుని మిషను ముందు కూర్చోపెట్టుకుని ఇంట్లో నేనూ మా ఆవిడా ఎలా బతకాలండి?"

"అయితే పంపుతారా?"

"పంపుతానండి."

ఆశాజ్యోతి ఏదో అనబోయింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. లోవలక్ష్మి చేయెత్తి, ఎవరూ పిలవకముందే చెప్పేసింది: "పంపుతానండి అంటే నిశ్చయార్థకమండి!"

గోడకి తగిలించకుండానే అందరూ నమ్మిన వాక్యం ఆ రోజు బడి మొత్తానికి అదొక్కటే.